పచ్చ గీత

మొన్న ఆదివారం పొద్దున ఆరున్నరకే నిచ్చెన వేసుకున్నాం. ఏప్రిల్ వచ్చిందంటే తిరుపతిలో తొమ్మిది దాటాక మిద్దె మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. ఆలోపే పని ముగించుకోవాలి. పదింటికల్లా గోనెసంచుల మీదికి చేరిన సపోటాలు 214. మా అత్త పీట వేసుకుని కూర్చుని, ఒక్కో కాయా చేత్తో తడిమి, అందులోంచి తొమ్మిదింటిని పక్కన పెట్టేసింది. ఆ తొమ్మిదీ ముదరని కాయలు. నేను కోసినవే.

తొమ్మిదే కదా అని మా ఆయన అన్నాడు. నాకు మాత్రం మనసొప్పలేదు. పూత నుంచి కాయ ముదిరేదాకా సపోటాకు ఏడెనిమిది నెలలు పడుతుంది. అంటే వినాయక చవితి నాటి పూత ఇప్పటి కాయ. అన్నాళ్ళు కొమ్మను పట్టుకుని వేలాడి, వానకూ గాలికీ కోతులకూ తట్టుకుని నిలబడిన కాయను ఇంకో రెండు వారాలు ఆగలేక నేను తెంపేశాను. ముదరకుండా కోసిన సపోటా ఇంక దేనికీ పనికిరాదు. పచ్చి మామిడికాయైతే పప్పులో వేసుకుంటాం, ఊరగాయ పెట్టుకుంటాం. పచ్చి సపోటాతో చేసే వంట మా ఇంట్లో ఒక్కటీ లేదు.

మా ఇల్లు కపిలతీర్థం రోడ్డు నుంచి లోపలికొచ్చే వీధుల్లో ఒకదాంట్లో ఉంది. వంటింటి కిటికీ తీస్తే కొండ కనిపిస్తుంది. ఇల్లు పోను వెనకాల మిగిలింది రెండు సెంట్ల దొడ్డి. అందులోనే ఒక నిమ్మచెట్టు, ఒక జామ, కరివేపాకు, బొప్పాయి, బావి గట్టు పక్కన ఈ సపోటా. 1996లో గృహప్రవేశమైన వారానికే మా మామ ఈ అంటుమొక్క తెచ్చి నాటాడంట. క్రికెట్ బాల్ రకం. పేరుకు తగ్గట్టే గుండ్రంగా, పిడికిలి నిండా వస్తుంది కాయ. కాలిపత్తి రకం దీనికంటే తీపి అంటారు. నిజమే, నేనూ తిన్నాను. కానీ ఈ పండు విరిస్తే లోపల సన్నటి రవ్వలా తగిలే ఆ గుజ్జు నాకు ఇంకే రకంలోనూ దొరకలేదు.

1999లో నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి చెట్టు నా భుజం ఎత్తు ఉండేది. మరుసటి ఎండాకాలానికి మొదటిసారి గట్టి కాపు కాసింది. అప్పుడు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

మా అత్తది దామలచెరువు పక్క పల్లె. వాళ్ళ నాయనకు మామిడి తోట ఉండేది. బెంగుళూరా, బేనీషా, నీలం, కట్ట మీద రెండు కాలేపాడు చెట్లు. చిన్నప్పటి నుంచి కోతల్లో తిరిగిన మనిషి. మామిడికాయను చెట్టు కింద నిలబడి చూసే చెప్పేస్తుంది, ముదిరిందో లేదో. కాయ భుజాలు తొడిమను దాటి పైకి లేచాయా, తొడిమ దగ్గర చిన్న గుంట పడిందా, బేనీషా అయితే ఆ ఆకుపచ్చలో కొంచెం తెలుపు కలిసిందా అని చూస్తారు. అన్నిటికంటే ముందు, చెట్టు మీద ఒక కాయ దానంతటదే పండి రాలుతుంది. ఆ మొదటి పండు రాలిందంటే మిగతావాటికి వేళయిందని అర్థం. మామిడి మనకు అన్నీ చెబుతుంది. సపోటా ఏమీ చెప్పదు. పిందెగా ఉన్నప్పుడూ మట్టిరంగే, ముదిరాకా మట్టిరంగే. రంగు మారదు, వాసన రాదు, కోసే వేళకు కూడా రాయిలా గట్టిగానే ఉంటుంది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో పాకాలలో దగ్గరి చుట్టాల పెళ్ళి వచ్చింది. మా అత్తా మామా నాలుగు రోజుల ముందే వెళ్ళాల్సి వచ్చింది. పోతూ పోతూ చెట్టు కింద నిలబడి నాతో చెప్పింది.

"కోతులొస్తే కాయలు బతకనియ్యవు మే. ముదిరినట్టుంటే కోసి పెట్టేయ్. గోరుతో గీకి చూడు. గీత పచ్చగా వుంటేనే కోయి, లేకుంటే ముట్టుకోవద్దు."

నేను సరే అత్తా అన్నాను. రెండోరోజు పొద్దున్నే కొండవైపు నుంచి కోతుల గుంపు రానే వచ్చింది. ఎదురింటి కొబ్బరి మట్టల మీద కూర్చుని మా చెట్టుకేసే చూస్తున్నాయి. నాకు టెన్షన్ మొదలైంది. కొత్త కోడలిని, ఇల్లు నా మీద వదిలి వెళ్ళారు, వచ్చేసరికి ఒక్క కాయ లేకపోతే ఏమనుకుంటారు? కుర్చీ వేసుకుని ఎక్కి ఒక కాయను గోరుతో గీకాను. పచ్చటి గీత పడింది. చిగురాకు రంగులో, నిగనిగలాడుతూ. ఇంకోటి గీకాను. అదీ పచ్చగానే ఉంది. ఏ కాయ గీకినా పచ్చగానే ఉంది. అత్త చెప్పినట్టే ఉన్నాయి కదా అని సాయంత్రంలోపల రెండు బక్కెట్లు నింపేశాను. పాలు కారి మోచేతుల దాకా జిగురు పట్టింది. కొబ్బరినూనె రాసి రుద్దితే గానీ వదల్లేదు.

ఊరినుంచి వచ్చి బక్కెట్లు చూడగానే మా అత్త మొహంలో రంగు పోయింది. కోప్పడలేదు. ఒక కాయ తీసి, గోరుతో గీకి, నా ముందు పెట్టింది.

"ఇది పచ్చగా వుందా మే?"

"పచ్చగానే ఉంది కదత్తా!"

"ఇది ఆకు రంగు కదా! పచ్చ అంటే పసుపు కొమ్ము మాదిరి వుండాల."

అప్పుడు అర్థమైంది. మా అమ్మావాళ్ళది చిత్తూరు టౌను. మా ఇంట్లో, బడిలో పచ్చ అంటే గడ్డి రంగే. పసుప్పచ్చ అని ముందు పసుపు చేరిస్తే తప్ప ఇంకో రంగు గుర్తుకురాదు. మా అత్తకు ఉత్త పచ్చ అంటే పసుపే. ఆలోచిస్తే ఆమె మాటలో తప్పేముంది? పచ్చకామెర్లు అంటాం, పచ్చ చామంతి అంటాం, పచ్చగా మెరిసే బంగారం అంటాం. అక్కడెక్కడా ఆకు రంగు లేదు. ఒకే మాటను ఇద్దరం రెండు రంగుల్లో విన్నాం. రెండు బక్కెట్ల కాయలు పోయాయి.

పోతాయని నాకు వెంటనే నమ్మకం కలగలేదు. బియ్యం డబ్బాలో పెడితే మాగవా అనుకున్నాను. ఒక సంచి చిత్తూరుకు మా అమ్మకు కూడా పంపించాను. మా ఇంటి చెట్టు మొదటి కాపమ్మా అని చెప్పి మరీ. పదిరోజుల తరవాత ఫోన్ చేస్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు. కాయలు మెత్తబడలేదు, తోలు ముడతలు పడిపోయింది, ఒకటి కోస్తే కత్తికి బంక అంటుకుంది అంది. ఆమె బాధపడింది కాయలకు కాదు, నేను అత్తింట్లో మాట పడి ఉంటానేమోనని. ఇక్కడా అంతే అయింది. పైకి మెత్తబడ్డట్టు అనిపించిన ఒకదాన్ని నేనే కొరికాను. వగరు. పెదవులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నాలుక మీద ఉన్ని ముక్క పెట్టినట్టు సాయంత్రం దాకా అలాగే ఉంది.

పెదవులకు అంటుకునే ఆ పాల గురించి చాలా ఏళ్ళ తరవాత మావాడు ఒక సంగతి చెప్పాడు. సపోటా మన చెట్టు కాదు, మెక్సికో, గ్వాటెమాలా వైపు అడవులది. అక్కడ చెట్టు మానుకు గాట్లు పెట్టి, కారిన పాలు పట్టి, కాచి గట్టిపరిచేవాళ్ళట. దాన్ని చికిల్ అంటారు. ఒకప్పుడు చూయింగ్ గమ్ చేసింది దాంతోనే. తరవాత తరవాత కృత్రిమ జిగురు వచ్చి దాని చోటు తీసుకుంది. నేను రెండు బక్కెట్లు కోసిన రోజు మోచేతులకు పట్టింది అదేనన్నమాట.

ఆ ఏడాది బక్కెట్లు ఎరువు గుంతలోకి పోయాక, కొమ్మల లోపల మిగిలిన కొద్ది కాయల మీద మా అత్త నాకు నేర్పింది. మొదట కాయ వంక చూడకుండా బొటనవేలితో రుద్దమంది. పచ్చి కాయ మీద పొట్టు గట్టిగా పట్టుకుని ఉంటుంది, గరుకు కాగితంలా తగులుతుంది. ముదిరిన కాయ మీద అదే పొట్టు వదులై, రుద్దితే గోధుమరంగు పొడిగా రాలుతుంది. కింద తోలు నున్నగా, ఉర్లగడ్డ తోలులా బయటపడుతుంది. తరవాత కాయ అడుగున చూడమంది. పువ్వు రాలిన చోట ఎండిన చిన్న ముల్లు ఒకటి నిలబడి ఉంటుంది. పచ్చి కాయకు అది గుచ్చుకునేంత గట్టిగా ఉంటుంది. ముదిరితే వేలు తగలగానే ఊడిపోతుంది. ఇవి రెండూ అయ్యాకే గోరు. గట్టిగా గీకకూడదు, తోలు మీద ఒక వెంట్రుకంత గీత చాలు. ఆకు రంగు గీత పడి, దాని వెంట తెల్లటి పాలు చుక్కలు చుక్కలుగా పొడుచుకొస్తే ఇంకా టైముంది. గీత పసుపు రంగులో తేలి, పాలు రాకుండా ఉత్త తేమ మాత్రం తగిలితే కోయొచ్చు.

ఈ గీత చూడటానికి రెండు క్షణాలు చాలు. కానీ పొద్దున ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు చూడాలి. సాయంత్రం వెలుతురులో ఆకు రంగు కూడా పసుపులాగే కనిపించి మోసం చేస్తుంది. మొన్న నా తొమ్మిది తప్పుల్లో నాలుగైదు చెట్టు లోపలి నీడలో కోసినవి. చేత్తో కొమ్మను వంచి వెలుతురులోకి తెచ్చి చూడాల్సింది, తొందరలో అలాగే తెంపేశాను. మా అత్తకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది, ఎనభై ఏళ్ళు. ఇప్పుడు ఆమె గీత చూడనే చూడదు. బొటనవేలితో ఒక్కసారి తుడిచి, అడుగున ముల్లు తడిమి చెప్పేస్తుంది.

కోసే పద్ధతికొస్తే, చేతికందేవన్నీ చేత్తోనే. కాయను అరచేతిలో నింపుకుని గుంజకూడదు, మెల్లగా మెలితిప్పాలి. ముదిరిన కాయ తొడిమ దగ్గర టక్కున విరుగుతుంది. ఆ శబ్దం నాకెంత ఇష్టమో. మెలితిప్పినా రాకుండా కొమ్మ కూడా కాయతో పాటు తిరుగుతోందంటే దానికి ఇంకా వేళ కాలేదు, వదిలేయాలి. పైన ఉన్నవాటికి చిక్కం. వెదురు గడకు ఇనప కమ్మీ వంచి కట్టి, దానికి నైలాన్ వల కుట్టాడు మా ఆయన. కమ్మీ అంచుతో తొడిమను లాగితే కాయ వలలో పడుతుంది. కొమ్మ ఊపి కింద రాల్చడం మా ఇంట్లో లేదు. పైకి ఏ దెబ్బా కనపడకపోయినా లోపల కమిలి, మాగేటప్పుడు అక్కడే నల్లబడుతుంది. అలాంటి కాయ ఒక్కటి డబ్బాలో ఉంటే పక్కనున్న మూడింటిని చెడగొడుతుంది.

దించిన కాయలను తొడిమ వైపు కిందికి ఉండేట్టు గోనెసంచి మీద పరుస్తాం. కారే కాస్త పాలూ సంచిలోకి దిగి ఆరిపోతాయి. అలా కాకుండా బుట్టలో కుప్పగా పోస్తే ఒకదాని పాలు ఇంకోదాని తోలు మీద కారి మరకలు పడతాయి. గంట తరవాత నీళ్ళలో వేసి గుడ్డతో రుద్దితే మిగిలిన పొట్టంతా పోతుంది. తడి పూర్తిగా ఆరనిచ్చి, కొన్ని బియ్యం డబ్బాలోకి, కొన్ని వరిగడ్డి వేసిన అట్టపెట్టెలోకి. తొందరగా కావాల్సినవాటి పక్కన రెండు మాగిన అరటిపళ్ళు పెడతాను. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకు సపోటా ఒకటి రెండు రోజులు ముందే మెత్తబడుతుంది. ఎవరైనా కాయలు తొందరగా మాగడానికి కార్బైడ్ పొట్లం పెట్టమని సలహా ఇస్తే మాత్రం నేను ఊరుకోను. 2011 ఆహార భద్రత నిబంధనల్లోనే దాన్ని నిషేధించారు, ఇంట్లో పిల్లలు తినే పండుకు దాని పొగ పెట్టడమేంటి? ముదిరిన కాయకు ఏ మందూ అక్కర్లేదు, ఐదారు రోజులు ఓపిక పడితే దానంతటదే మాగుతుంది. గట్టి కాయలను ఫ్రిజ్‌లో పెట్టడం కూడా తప్పే, ఆ చలికి అవి మాగడమే మరిచిపోతాయి. మెత్తబడ్డాక రెండు రోజులు నిలవ ఉంచాలంటే అప్పుడు పెట్టుకోవచ్చు.

మావాడు బెంగళూరులో ఉంటాడు. ఆదివారం కోస్తే ఆ రాత్రే కార్గోలో వేస్తాం. గట్టి కాయలు కాబట్టి దారిలో నలగవు. మంగళవారం వాడి చేతికి అందుతాయి, శుక్రవారానికి మాగుతాయి. ఈ లెక్క తప్పకూడదంటే అన్నీ ఒకే పక్వంలో ఉన్న కాయలు ఏరాలి. ఏరేది మా అత్తే. వాడి పెట్టెలోకి పోయే కాయలను రెండుసార్లు తడుముతుంది.

కోతుల సంగతి ఈ వీధిలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. శేషాచలం అంచునే ఇళ్ళు కట్టుకున్నాం, అవి రావడంలో వింతేముంది? నాకు కష్టం అనిపించేది అవి తినడం కాదు. ఒక్కో కాయ కొరికి, వగరు తగలగానే పారేసి, ఇంకోటి తెంపుతాయి. పావుగంటలో చెట్టు కింద కొరికిన పచ్చి కాయలు పరిచినట్టు పడుంటాయి. పళ్ళెం మోగించాం, టపాకాయలు కాల్చాం. నాలుగు రోజులు భయపడి ఐదో రోజు వచ్చేశాయి. ఇప్పుడు చెట్టు పై భాగానికి వల కప్పుతున్నాం. కింది కొమ్మల్లో గుత్తులుగా ఉన్నవాటికి పాత నూలు చీరల ముక్కలు సంచుల్లా కుట్టి కడుతున్నాను. గుడ్డలో ఉన్న కాయ కనపడకపోతే కోతి దాని జోలికి పోవడం తక్కువే. కాయకు గాలి ఆడుతుంది, ఉడుతల నుంచి కూడా కాపాడుతుంది. కొండంచు కొమ్మ ఒకటి మాత్రం ఏదీ కట్టకుండా వదిలేస్తాం. అది వాటికి.

గబ్బిలాలు రాత్రి పూట వస్తాయి. పొద్దున లేచేసరికి తులసికోట మీద నల్లటి గింజలు, నమిలి ఉమ్మిన పిప్పి కనిపిస్తే చెట్టులో ఎక్కడో ఒక కాయ పండిందని తెలుస్తుంది. గబ్బిలానికి పచ్చి కాయ అక్కర్లేదు. అందుకే అది తిరిగిన కొమ్మనే మేం ముందు చూస్తాం. మా చిన్నప్పుడు చిలక కొట్టిన జామకాయ, ఉడుత కొరికిన మామిడిపండు కొరికిన మేరకు కోసి పారేసి తినేవాళ్ళం, అదే తీపి అనేవాళ్ళం. మా అత్త కూడా అలాగే తినేది. 2018లో కేరళలో, కోజికోడ్ వైపు నిపా వైరస్ వచ్చినప్పుడు గబ్బిలాలు కొరికిన పండ్లు ముట్టుకోవద్దని టీవీలో చెప్పారు. ఆ రోజు నుంచి మా దొడ్లో కొరుకుడు పడిన పండు ఏదైనా సరే, చేత్తో కూడా తీయం. పారతో ఎత్తి గుంతలో పూడ్చేస్తాం. ఈ ఒక్క విషయంలో మా అత్త పాత అలవాటును ఒక్క పూటలో మార్చుకుంది.

ఇదే దొడ్లో ఇంకో చెట్టు ఉంది. దాని కథ వేరు. మామ పోయాక, 2014లో ఇంకో సపోటా పెడదామని నర్సరీ నుంచి అంటుమొక్క తెచ్చాను. అంటు బాగానే కట్టారు, కట్టు కూడా కనపడేది. కానీ అమ్మినవాళ్ళు నాకొక మాట చెప్పలేదు. సపోటాను పాలచెట్టు మొదలు మీద అంటు కడతారు. అడవుల్లో కాసే పాలపండ్ల చెట్టే అది. ఆ మొదలు మొండి ఘటం. అంటు కట్టిన చోటుకు కింద నుంచి చిగురు వస్తే ఎప్పటికప్పుడు గిల్లేయాలి. లేకపోతే ఆ చిగురే బలం లాక్కుని పైనున్న సపోటాను చంపేస్తుంది. నాకు తెలియదు. కింది నుంచి చిగుళ్ళు వస్తుంటే మొక్క బాగా గుబురు కడుతోందని సంతోషపడి, చెంబులతో నీళ్ళు పోశాను. రెండేళ్ళకు పైన కొమ్మ ఎండిపోయింది, నేను గమనించనే లేదు.

ఒకరోజు మా అత్త ఆకు ఒకటి తెంపి నా చేతిలో పెట్టింది. సపోటా ఆకు కొస సన్నగా ఉంటుంది. ఈ ఆకు మందంగా, ముదురు రంగులో, కొస గుండ్రంగా ఉంది. ఆ కొస నడుమ ఎవరో గోరుతో గిల్లినట్టు చిన్న నొక్కు.

"ఇది పాల మే. సపోటా కాదు."

కొట్టేద్దామా అంటే వద్దంది. ఆమె చిన్నతనంలో గుట్టల నుంచి పాలపండ్లు దొన్నెల్లో తెచ్చి అమ్మేవాళ్ళంట, వేలిగోరంత పసుప్పచ్చటి పండ్లు. ఉండనీ, ఎప్పుడో కాస్తుంది అంది. ఇంతవరకూ కాయలేదు. 2021 నవంబరు వానలకు తిరుపతంతా నీళ్ళపాలైనప్పుడు మా దొడ్లో మోకాలి లోతు నీళ్ళు రెండు రోజులు నిలిచాయి. అప్పటి బొప్పాయి, జామ రెండూ పోయాయి. పాత సపోటా పూతంతా రాల్చుకుంది, తరవాతి కాపు సగానికి పడిపోయింది. పాలచెట్టుకు మాత్రం ఒక్క ఆకు వాడలేదు. పాత సపోటా బతికిందీ దాని వేళ్ళు పాలవి కాబట్టేనేమో అనిపిస్తుంది నాకు.

ఈసారి కోతకు పక్కింటి పిల్లవాడు వచ్చాడు. ఐదో తరగతి. సెలవులు రాకముందే ఇంట్లో నిలవని పిల్లాడు, నిచ్చెన చూడగానే గోడ దూకి వచ్చేశాడు. వాడికి కింది కొమ్మ అప్పజెప్పాను. గోరుతో ఎలా గీకాలో చూపించి, రంగు చెప్పబోయి ఆగాను. పచ్చ అనలేదు. పసుపు అన్నా వాడికి డబ్బాలోని పసుపే గుర్తొస్తుంది, ఈ గీత అంత గాఢంగా ఉండదు.

"మీ అమ్మ కందిపప్పు ఉడకబెట్టి మెదుపుతుంది కదా, ఆ రంగు రావాలి. అన్నంలో నెయ్యి వెయ్యకముందు ఎలా ఉంటుందో అలా."

"ముద్దపప్పు రంగు" అన్నాడు.

అంతే. కింద కూర్చున్న మా అత్తకు కూడా ఆ మాట నచ్చింది. వాడు కోసిన పద్దెనిమిది కాయల్లో ఆమె ఒక్కటీ పక్కన పెట్టలేదు. ప్రతి కాయకూ నిచ్చెన మీద నుంచి దిగి, ఆమె ముందు పెట్టి, చూపించి మళ్ళీ ఎక్కాడు పాపం. అందుకే పద్దెనిమిదే అయ్యాయి. నేను వాడిలా ఒక్కో కాయకూ ఆగి ఉంటే నా తొమ్మిదీ ఇంకా కొమ్మ మీదే ఉండేవి.

పంపకం మధ్యాహ్నం భోజనాలయ్యాక జరిగింది. మొదట ఐదు కాయలు గంగమ్మకని పక్కకు తీసింది అత్త, అవి మాగాక గుడికి తీసుకెళ్ళాలి. అరవై బెంగళూరుకు. చిత్తూరులో మా అమ్మకు పాతిక. ఆ మొదటి సంచి తరవాత ఏ ఏడాదీ ఆమెకు పచ్చి కాయ పోలేదు. ఎదురింటికీ, పక్కింటికీ, ఇస్త్రీ అన్నకూ, పాలాయనకూ తలా పది. చిన్నపిల్లలున్న ఇంటికి ఇచ్చేటప్పుడు గింజ సంగతి ఒకటికి రెండుసార్లు చెబుతాను. నున్నగా జారిపోయే గింజ, పైగా కొసన చిన్న కొక్కెం లాంటి ముల్లు. గొంతులో పడితే ప్రమాదం. పిల్లలకు గింజ తీసేసి గుజ్జు ఒక్కటే పెట్టాలి. అమ్మడం మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ లేదు. మామ ఉన్నప్పుడు ఒకసారి రైతు బజారుకు తీసుకెళ్దామా అన్నారెవరో. పదిమంది తినే చెట్టుకు ధర కడితే లెక్కలు మొదలవుతాయి అని ఆయన ఒప్పుకోలేదు. నాకూ అదే సరి అనిపిస్తుంది.

నిన్న, అంటే గురువారం రాత్రి, బియ్యం డబ్బా మూత తీయగానే వాసన వచ్చింది. చెయ్యి పెట్టి బియ్యంలో తడిమితే ఆరు కాయలు వేలికి లొంగాయి. ఒకటి కత్తి లేకుండా చేత్తోనే విరిచాను. తోలు పలచగా విడిపోయింది. లోపల తడిసిన బెల్లం రంగు గుజ్జు, మధ్యలో మూడు నల్లటి గింజలు దీపం వెలుగులో మెరుస్తున్నాయి. సగం అత్తకిచ్చాను. ఆమెకు షుగరు ఉంది, సగమే తినాలని డాక్టరు మాట. తిని, తోలు కూడా నమిలి మింగి, చెయ్యి చాపింది.

"ఆ సగం ఎవురికి మే?"

నేను తిందామని పెట్టుకున్న సగంలోంచి ఒక చిన్న ముక్క విరిచి ఇచ్చాను.

పక్కన పెట్టిన తొమ్మిది కాయలూ ఇంకా బావి గట్టు మీదే ఉన్నాయి. గుంతలో వేయబోతే ఆ పిల్లవాడు అడిగాడు, ఒక్కటి తీసుకుంటానని. ఏం చేస్తావు రా అంటే, స్కూల్లో ఫ్రెండ్స్‌కు గీకి చూపిస్తాడట, ముద్దపప్పు రంగు కానిది ఎలా ఉంటుందో. అన్నీ తీసుకో నాన్నా అని సంచిలో వేసిచ్చాను. వచ్చే కోత మూడు వారాల తరవాత. అప్పటికి వల చిరిగిన చోట కుట్టుకోవాలి.